పాస్‌పోర్టుకో గడువు, బండికో గడువు

శుక్రవారం సాయంత్రం మా వారు బండిలో డాష్‌బోర్డు సొరుగు సర్దుతూ ఒక మడత కాగితం బయటికి తీసి, "ఇదిగో, ఇది ఒకసారి చూడు" అన్నారు. చూస్తే బండి పర్మిట్. మేము అప్పుడు తిరుగుతున్న దేశంలోకి వచ్చిన రోజు కస్టమ్స్ కౌంటర్‌లో ఇచ్చిన కాగితం. పైన ఆయన పేరు, నంబర్ ప్లేటు, ఇంజిన్ నంబరు అన్నీ ఉన్నాయి. కింద కుడి మూలన, స్టాంపు సిరా సగం కప్పేసిన చోట, ఒక తేదీ ఉంది. అది వచ్చే మంగళవారం తేదీ. పాస్‌పోర్టుల్లో మా ఇద్దరికీ వేసింది 90 రోజుల స్టాంపు, మేము ఆ 90నే మనసులో పెట్టుకుని ఎక్కడ నచ్చితే అక్కడ వారం ఆగుతూ నింపాదిగా తిరుగుతున్నాం. బండికి మాత్రం ఇచ్చింది 30 రోజులే.

మేమున్న ఊళ్లో కస్టమ్స్ ఆఫీసు ఉంది కానీ గడువు పొడిగించే అధికారం వాళ్లకి లేదట. ఆ పని చేసే ఆఫీసు ఇంకో నగరంలో, ఒకటిన్నర రోజు ప్రయాణం. మధ్యలో శని, ఆదివారాలు. సోమవారం రాత్రికి అక్కడికి చేరాం, మంగళవారం పొద్దున్న ఆఫీసు తలుపు తీయకముందే వెళ్లి నిలబడ్డాం. అర్జీ రాయమన్నారు, పాస్‌పోర్టు కాపీలు, బండి రిజిస్ట్రేషన్ కాపీ, లోపలికొచ్చిన నాటి పర్మిట్ అడిగారు, ఎక్కడ ఉంటున్నారో అడ్రస్ అడిగారు. సాయంత్రం 4 గంటలకి ఇంకో 60 రోజులు ఇచ్చారు. అక్కడివాళ్లు మర్యాదగానే ఉన్నారు, నిజానికి సాయమే చేశారు. కానీ ఆ నాలుగు రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. ఎందుకంటే ఆ బండి మాకు ఇల్లు. అందులోనే వండుకుంటాం, అందులోనే పడుకుంటాం.

బండి వేసుకుని నెలల తరబడి బయట ఉండాలనుకునే వాళ్లు నాకు మెసేజ్‌లు పెట్టినప్పుడు తొంభై శాతం వీసా గురించే అడుగుతారు. ఎన్ని రోజులు ఇస్తారు, ఏం డాక్యుమెంట్లు కావాలి, ఇంటర్వ్యూ ఉంటుందా అని. బండి సంగతి ఎవరూ అడగరు. పాస్‌పోర్టు మీద స్టాంపు పడితే బండి కూడా దానితోపాటే వచ్చేసినట్టు అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం కాబట్టి ఇది రాస్తున్నాను.

అసలు విషయం ఏంటంటే, సరిహద్దులో మనల్ని చూసేది ఇమ్మిగ్రేషన్, బండిని చూసేది కస్టమ్స్. రెండూ వేరు వేరు శాఖలు, వేరు వేరు చట్టాలు, వేరు వేరు కంప్యూటర్లు. ఇమ్మిగ్రేషన్ దృష్టిలో మనం మనుషులం, కొన్నాళ్లు ఉండి వెళ్లిపోయే వాళ్లం. కస్టమ్స్ దృష్టిలో మన బండి ఒక సరుకు, దిగుమతి సుంకం కట్టకుండా దేశంలోకి వచ్చిన సరుకు. తిరిగి బయటికి తీసుకెళ్తామన్న మాట మీద దాన్ని లోపలికి వదిలారు. అందుకే దాన్ని తాత్కాలిక దిగుమతి అంటారు. ఈ పద్ధతి కొత్తదేం కాదు, సొంత వాహనాల తాత్కాలిక దిగుమతి మీద 1954లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఒక అంతర్జాతీయ ఒప్పందమే జరిగింది, ఇప్పటికీ చాలా దేశాల నియమాలకి అదే పునాది. దీంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. మనం గడువు దాటి ఉంటే అది ఓవర్‌స్టే, ఎక్కువ చోట్ల ఫైన్ కట్టించుకుంటారు, కొన్ని చోట్ల కొన్నేళ్లు రానివ్వరు. బండి గడువు దాటి ఉంటే అది సుంకం ఎగ్గొట్టిన సరుకు కింద లెక్క. సుంకం, దాని మీద జరిమానా, కొన్ని చోట్ల ఏకంగా జప్తు. బండి ఎంత పాతదైనా, మనం ఎంత అమాయకంగా మర్చిపోయినా ఆ లెక్క మారదు.

ఈ రెండు గడువులు ఒకటి కావని చెప్పడానికి కొన్ని దేశాల సంగతి చెప్తాను. మెక్సికోలో పర్యాటకులకి గరిష్ఠంగా 180 రోజులు ఇవ్వొచ్చు, కానీ గరిష్ఠం అంటే గరిష్ఠం అనే అర్థం, ఆ రోజు కౌంటర్‌లో ఉన్న అధికారి ఎన్ని రాస్తే అన్నే. ఆ అంకెని దేశం లోపల ఉండి పొడిగించుకునే వీలు కూడా లేదు. బండికి వేరే పర్మిట్, అది బాన్‌హెర్సితో అనే బ్యాంకు ఇస్తుంది, దానికి డిపాజిట్ కట్టాలి. 2007, ఆ తర్వాతి మోడల్ బండికైతే 400 అమెరికన్ డాలర్లు, అంతకంటే పాత వాటికి 300, 200. గడువులోపు బండిని బయటికి తీసుకెళ్లి పర్మిట్ రద్దు చేయించుకుంటే ఆ డబ్బు తిరిగి వస్తుంది, ఒక్క రోజు దాటినా రాదు. అదే మోటర్‌హోమ్ (లోపలే ఉండేలా ఇల్లులా అమర్చిన బండి) అయితే బండికి 10 ఏళ్ల పర్మిట్ ఇస్తారు. చూడండి, మనిషికి 180 రోజులు, బండికి 10 ఏళ్లు! బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలోనే తిరిగేవాళ్లకైతే ఈ బండి పర్మిట్ అక్కర్లేదు. ఒకే దేశంలో ఇన్ని తేడాలు.

అర్జెంటీనాలో ఎక్కువమంది పర్యాటకులకి 90 రోజులు, విదేశీ బండికి 8 నెలలు. పక్కనే ఉన్న చిలీలో మనిషికీ 90, బండికీ 90. ఆండీస్ దాటి అటూ ఇటూ తిరిగేవాళ్లు అర్జెంటీనా లెక్క తలలో పెట్టుకుని చిలీలో దొరికిపోతారు. మధ్య అమెరికాలో ఇంకో చిక్కు ఉంది. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురస్, నికరాగ్వా నాలుగు దేశాలూ కలిపి మనిషికి ఒకటే 90 రోజుల లెక్క, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినా ఆ లెక్క మళ్లీ మొదటికి రాదు. కానీ బండికి ఏ దేశానికి ఆ దేశమే పర్మిట్ ఇస్తుంది. అంటే గ్వాటెమాలాలో 80 రోజులు హాయిగా ఉండి హోండురస్‌లో అడుగుపెడితే బండి కాగితం మీద కొత్త గడువు కనిపిస్తుంది, మనకి మాత్రం మిగిలేది 10 రోజులు. ఆ బండి కాగితం చూసుకుని ధీమాగా ఉంటే అంతే సంగతులు.

యూరప్‌లో ఇది ఇంకా లోతుగా ఉంటుంది, నాకు బాగా ఆసక్తి కలిగించిన చోటు కూడా ఇదే. షెంగెన్ ప్రాంతంలో, అంటే మధ్యలో పాస్‌పోర్టు తనిఖీలు లేకుండా తిరగడానికి ఒప్పందం చేసుకున్న యూరప్ దేశాల్లో, మనిషికి ఏ 180 రోజుల కాలంలోనైనా 90 రోజులు. బయట రిజిస్టర్ అయి, బయట నివసించేవాళ్లు సొంతానికి వాడుకునే బండికి యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ ఇచ్చేది 6 నెలలు. ఇక్కడ చాలామంది గమనించనిది ఏంటంటే షెంగెన్ పటం వేరు, యూనియన్ కస్టమ్స్ పటం వేరు. స్విట్జర్లాండ్, నార్వే షెంగెన్‌లో ఉన్నాయి కానీ యూనియన్ కస్టమ్స్‌లో లేవు. ఐర్లాండ్ యూనియన్ కస్టమ్స్‌లో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. కాబట్టి ఫ్రాన్స్ నుంచి ఓడ ఎక్కి ఐర్లాండ్‌లో దిగితే మన రోజులు ఖర్చవడం ఆగుతుంది, బండి రోజులు ఆగవు. స్వీడన్ నుంచి నార్వేలోకి నడుపుకుంటూ వెళ్తే బండి యూనియన్ నుంచి బయటపడినట్టు, మన రోజులు మాత్రం నడుస్తూనే ఉంటాయి. నేను రెండు పటాలకీ రెండు రంగుల పెన్సిళ్లతో గీతలు గీసుకుని ప్లాన్ చేశాను. పైగా నార్వే వెళ్లే రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు, అప్పుడు బండి బయటికి వెళ్లిందని చెప్పడానికి మన దగ్గర ఏ కాగితమూ ఉండదు. అందుకే అలాంటి చోట పెట్రోలు బంకు రసీదు, టోల్ రసీదు, ఓడ టికెట్టు, తేదీ ఉన్న ఏ ముక్కనైనా దాస్తాను.

ఇక రోజులు లెక్కపెట్టడం. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి.

90 రోజులు అంటే 3 నెలలు కాదు. 180 రోజులు అంటే 6 నెలలు కాదు. జూలై 3న 180 రోజుల స్టాంపుతో లోపలికి వెళ్లారనుకోండి. ఆ రోజే మొదటి రోజు అని లెక్కపెడితే జూలైలో 29 రోజులు, ఆగస్టు చివరికి 60, సెప్టెంబర్ చివరికి 90, అక్టోబర్ చివరికి 121, నవంబర్ చివరికి 151, డిసెంబర్ 29తో 180 పూర్తి. ఆరు నెలలు కదా అని జనవరి 2న సరిహద్దుకి వెళ్తే నాలుగు రోజులు ఎక్కువ ఉన్నట్టు. కొన్ని చోట్ల వచ్చిన రోజుని లెక్కలోకి తీసుకుంటారు, కొన్ని చోట్ల మర్నాటి నుంచి లెక్కపెడతారు, షెంగెన్‌లో అయితే వచ్చిన రోజు, వెళ్లే రోజు రెండూ లెక్కే. అర్ధరాత్రికి పది నిమిషాల ముందు లోపలికి వచ్చినా అది ఒక పూర్తి రోజు. నా పద్ధతి ఏంటంటే, ఎక్కడికి వెళ్లినా వచ్చిన రోజునే మొదటి రోజుగా లెక్కపెడతాను, వచ్చిన తేదీ నుంచి చివరి తేదీ దాకా వేళ్లతో క్యాలెండర్ మీద ఒక్కో గడీ లెక్కపెడతాను, ఆ తర్వాత ఫోన్‌లో చూస్తాను. రెండూ ఒకటే వస్తేనే రాసుకుంటాను.

షెంగెన్ 180 రోజుల లెక్క చాలామందికి అర్థం కాకపోవడానికి కారణం ఉంది. అది ఒక చోట మొదలై ఒక చోట ముగిసే కాలం కాదు, రోజూ మనతోపాటు జరుగుతూ వస్తుంది. ఈ రోజు నిలబడి వెనక్కి 180 రోజులు చూస్తే అందులో మనం లోపల ఉన్నవి 90 దాటకూడదు. జనవరి 10న వెళ్లి ఏకధాటిగా ఏప్రిల్ 9 దాకా ఉంటే, మామూలు సంవత్సరంలో, 90 అయిపోతాయి. మళ్లీ అడుగు పెట్టగలిగేది జూలై 9న. ఆ రోజు వెనక్కి చూస్తే జనవరి 10 ఆ కిటికీలోంచి బయటికి వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి. ఈ లెక్క కోసం యూరోపియన్ కమిషన్ వాళ్ల క్యాలిక్యులేటర్ ఉంది, తేదీలు వేస్తే అదే చెప్తుంది. ఇదివరకు స్టాంపులు తిరగేసి అధికారులు కళ్లతో లెక్కపెట్టేవాళ్లు, కొన్ని స్టాంపులు సరిగ్గా పడేవి కావు, చదవలేక వదిలేసిన సందర్భాలూ ఉండేవి. 2025 అక్టోబర్ 12 నుంచి వేలిముద్రలు, ముఖం ఫొటోతో కంప్యూటర్‌లో నమోదు చేసే కొత్త పద్ధతి మొదలైంది. ఇక యంత్రం లెక్కపెడుతుంది, దానికి మొహమాటం ఉండదు. అలాగని మన లెక్క మనం మానేయకూడదు, యంత్రంలో తప్పు పడితే మన దగ్గర రుజువు ఉండాలి కదా.

గడువు దగ్గర పడినప్పుడు చాలామంది చేసే పని, సరిహద్దు దాటి ఒక రోజు బయట ఉండి మళ్లీ రావడం. కొన్ని దేశాల్లో ఇది ఇప్పటికీ నడుస్తుంది, కొన్ని చోట్ల అధికారులు పసిగట్టి తక్కువ రోజులు రాస్తారు. కానీ నేను చెప్పాలనుకున్నది వేరు. బండిని వెనక వదిలేసి బస్సెక్కి వెళ్లి వచ్చారనుకోండి, మీ పాస్‌పోర్టులో కొత్త స్టాంపు పడుతుంది, బండి గడువు మాత్రం పాతదే ఉంటుంది. అసలు బండి పర్మిట్ మీ పేరు మీద తెరిచి ఉండగా మిమ్మల్ని బండి లేకుండా బయటికి పంపని దేశాలు కూడా ఉన్నాయి. అందుకని బయల్దేరే ముందే కస్టమ్స్‌ని అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్లకి బాలేదని హఠాత్తుగా విమానం ఎక్కాల్సి వస్తే? అది నాకు చాలా టెన్షన్ పెట్టే ప్రశ్న, మాకు ఒకసారి అవసరం పడింది కూడా. అలాంటప్పుడు బండిని తెలిసినవాళ్ల ఇంటి ముందు వదిలేసి వెళ్లడం తేలిక, కానీ దాని గడువు నడుస్తూనే ఉంటుంది. కోస్టారికా లాంటి చోట్ల కస్టమ్స్ అదుపులో ఉండే గోదాములో బండిని పెడితే పర్మిట్‌ని అక్కడితో ఆపుతారు, తిరిగొచ్చాక మిగిలిన రోజులు వాడుకోవచ్చు. రోజుకింత అని అద్దె ఉంటుంది, కానీ మనసు ప్రశాంతంగా ఉంటుంది. కొత్త దేశంలోకి వెళ్లిన మొదటి వారంలోనే ఇలాంటి వసతి ఎక్కడ ఉందో కనుక్కుని రాసిపెట్టుకుంటాను ఇప్పుడు, ఏడుస్తూ వెతుక్కునే పరిస్థితి మళ్లీ రాకూడదని.

కార్నే గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పూర్తి పేరు కార్నే ద పసాజ్ ఆఁ దువాన్, అందరూ కార్నే అనే అంటారు. బండికి ఇది పాస్‌పోర్టు లాంటిది. ఆస్ట్రేలియా, ఇరాన్, ఇండియా, పాకిస్తాన్ లాంటి దేశాలు బయటి బండికి దీన్నే అడుగుతాయి. మనం ఏ దేశంలో బండి రిజిస్టర్ చేశామో అక్కడి ఆటోమొబైల్ సంఘం దీన్ని ఇస్తుంది, అదీ ఊరికే కాదు, డిపాజిట్ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ తీసుకుని. కొన్ని దేశాలకి వెళ్లాలంటే ఆ గ్యారంటీ బండి ఖరీదు కంటే ఎక్కువ ఉంటుంది. సాధారణంగా ఏడాది చెల్లుతుంది.

ఆ పుస్తకంలో ఒక్కో పేజీకి మూడు ముక్కలు ఉంటాయి. ఒకటి దేశంలోకి వెళ్లేటప్పుడు కస్టమ్స్ చించి తీసుకునేది, ఒకటి బయటికి వచ్చేటప్పుడు చించి తీసుకునేది, మూడోది పుస్తకంలోనే మిగిలిపోయేది. మిగిలే ముక్క మీద వచ్చినప్పుడు ఒక స్టాంపు, వెళ్లేటప్పుడు ఒక స్టాంపు, రెండూ పడాలి. ఈ మూడో ముక్కే మన ప్రాణం. ఒక చిన్న సరిహద్దులో రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు కార్నే ఎప్పుడూ చూడలేదు. పేజీ తిప్పి తిప్పి చూసి, ముక్క చక్కగా చించి తీసుకుని, మిగిలిన ముక్క మీద స్టాంపు వేయకుండా పుస్తకం నా చేతికిచ్చేశాడు. నేను ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, ముందు పేజీలో ఇదే గడిలో ఇంకో దేశం వేసిన స్టాంపు చూపించాను. భాష రాదు, ఇద్దరికీ రాదు. అతను రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, నవ్వి, సిరా పెట్టె మూత మళ్లీ తీశాడు. ఆ రెండు నిమిషాలు అక్కడ ఆగకుండా బండెక్కి ఉంటే ఇంటి దగ్గర గ్యారంటీ ఇరుక్కుపోయేది. ఒకవేళ అలా జరిగిపోతే ఒక దారి ఉంది. బండి ఇప్పుడు ఫలానా చోట ఉంది అని కస్టమ్స్ గానీ, రాయబార కార్యాలయం గానీ చూసి రాసిచ్చే ధ్రువీకరణ పత్రం ఉంటుంది, దాంతో పాత దేశంలో బండి లేదని నిరూపించుకోవచ్చు. కానీ దానికోసం తిరగడం చిన్న పని కాదు.

ఛాసిస్ నంబర్ సంగతి కూడా చెప్పి తీరాలి. అది అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉండే నంబరు. ఇంకో దేశంలో బయటికి వెళ్లే రోజు, అధికారి కాగితం పట్టుకుని బండి దగ్గరికి వచ్చి, డోరు తెరిచి, తలుపు చట్రం మీద ఉన్న రేకు మీద టార్చి వేసి ఒక్కో అక్షరం చదువుతూ పోయి పదకొండో చోట ఆగిపోయాడు. రేకు మీద సున్నా ఉంది, పర్మిట్ మీద ఇంగ్లీషు అక్షరం ఓ ఉంది. లోపలికి వచ్చిన రోజు టైపు చేసినవాళ్లు అలా కొట్టేశారు, మేము చూసుకోలేదు. కాగితంలో ఉన్న బండి ఇది కాదు, ఆ బండి ఎక్కడ అని అడిగితే ఏం చెప్తాం? ఆ రోజు మాకు దారి చూపించింది ఒక చిన్న విషయం. ఆధునిక ఛాసిస్ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు వాడనే వాడరు, సరిగ్గా 1, 0 అంకెలతో కలిసిపోతాయనే. ఆ నియమాన్ని ఫోన్‌లో అక్కడి భాషలోకి మార్చి చూపించాం, రిజిస్ట్రేషన్ కాగితం చూపించాం, పై అధికారి వచ్చేదాకా ఆరు గంటలు ఎండలో నిలబడ్డాం. సరిచేసి వదిలారు.

అప్పటి నుంచి కౌంటర్ దగ్గర మాకు ఒక అలవాటు. కాగితం చేతికి రాగానే నేను పక్కకి జరిగి, "ఏవండీ, మొదలుపెట్టండి" అంటాను. ఆయన బండి దగ్గర నిలబడి రేకు మీద నంబరు పైకి చదువుతారు, నేను కాగితం మీద ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతాను. తర్వాత నంబర్ ప్లేటు, పేరు స్పెల్లింగు, పాస్‌పోర్టు నంబరు, ఇచ్చిన రోజులు, ముగిసే తేదీ. తేదీ చదివేటప్పుడు రోజు ముందా నెల ముందా అని తప్పకుండా అడుగుతాను, 05/08 అని ఉంటే అది ఆగస్టు 5 కావచ్చు, మే 8 కావచ్చు. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కున్నా సరే, ఆ మూడు నిమిషాలు మేము కదలం. తప్పు ఉంటే అక్కడే, అదే మనిషి, అదే కంప్యూటర్‌లో సరిచేయడం చాలా తేలిక. వంద కిలోమీటర్లు వెళ్లాక అదే తప్పు మన తప్పు అవుతుంది.

పర్మిట్‌లో ఎవరి పేరు ఉందో అన్నది కూడా ముఖ్యం. బండి ఒకరి పేరు మీద ఉండి వేరొకరు నడుపుతుంటే యజమాని అనుమతి పత్రం, నోటరీ చేయించినది, అడిగే చోట్లు చాలా ఉన్నాయి. అది ఇంట్లో ఉండగానే చేయించి పెట్టుకోవాలి.

మిగతా గడువులు గబగబా చెప్తాను. ఇన్సూరెన్స్‌కి సొంత గడువు ఉంటుంది, పర్మిట్ ఇంకా ఉంది కదా అని నడిపితే ప్రమాదం జరిగిన రోజు ఎవరూ ఆదుకోరు. గ్రీన్ కార్డు (బండి ఇన్సూరెన్స్ బయటి దేశాల్లోనూ చెల్లుతుందని చూపించే కాగితం) ఉన్నవాళ్లు మీరు వెళ్లే దేశం గడి కొట్టేసి లేదు కదా అని చూసుకోండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో రెండు రకాలు ఉన్నాయి, 1949 ఒప్పందం కిందిది ఏడాదే చెల్లుతుంది, 1968 ఒప్పందం కిందిది గరిష్ఠంగా 3 ఏళ్లు, ఏ దేశం దేన్ని ఒప్పుకుంటుందో చూసుకోవాలి. బండి సొంత రిజిస్ట్రేషన్ మనం బయట ఉండగా ముగిసిపోతే పర్మిట్ ఉన్నా లాభం లేదు. పాస్‌పోర్టు కూడా అంతే. షెంగెన్ వాళ్లు మనం బయటికి వెళ్లే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలంటారు, 6 నెలలు ఉండాలనే దేశాలు చాలా ఉన్నాయి.

నేను ఇవన్నీ యాప్‌లో పెట్టుకోను. ఒక గీతల నోటు పుస్తకం, దేశానికో పేజీ. పేజీ మధ్యలో నిలువు గీత, ఎడమ పక్క మనుషులు, కుడి పక్క బండి. ఎడమ పక్కన కూడా ఆయనకీ నాకూ వేరు వేరు వరుసలు, ఎందుకంటే ఒకే కౌంటర్‌లో ఒకరి తర్వాత ఒకరం నిలబడ్డా ఒకసారి ఆయనకి 90, నాకు 60 వేశారు. తేదీల్లో ఏది ముందు వస్తే దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం. ఆ తేదీకి 21 రోజుల ముందు ఇంకో గుండ్రం. పొడిగింపు అడగాలన్నా, బయటికి దారి చూసుకోవాలన్నా ఆ రోజు నుంచి పని మొదలు. కాగితాల ఫొటోలు ఫోన్‌లో, ఇంకో కాపీ ఇంట్లోవాళ్ల దగ్గర ఉంటాయి.

బండి పాడై కదలలేని స్థితిలో ఉంటే మాత్రం ఆ 21 రోజుల గుండ్రం దాకా ఆగకండి. మెకానిక్‌తో ఏం పాడైందో, స్పేర్ పార్టు ఎప్పుడొస్తుందో రాయించుకుని, సంతకం, ముద్ర వేయించుకుని, గడువు ఉండగానే కస్టమ్స్‌కి ఇవ్వండి. గడువు లోపల అడిగినవాడికి దొరికే మన్నన, దాటాక అడిగినవాడికి దొరకదు. ఇది నేను చూసిన ప్రతి దేశంలోనూ నిజం.

అలాగే బయటికి వెళ్లే రోజు. అలసిపోయి ఉంటాం, అవతలి దేశం కనిపిస్తూ ఉంటుంది, ఇమ్మిగ్రేషన్ స్టాంపు పడగానే గేటు ఎత్తేస్తారు. చాలా సరిహద్దుల్లో కస్టమ్స్ గది పక్కకి, వెనక్కి, లారీల వరుస అవతల ఉంటుంది, ఎవరూ మనల్ని అక్కడికి వెళ్లమని చెప్పరు. బండి పర్మిట్ రద్దు చేయించుకోకుండా దాటేస్తే ఆ దేశం లెక్కల్లో మన బండి ఇంకా అక్కడే ఉంటుంది. మళ్లీ ఎప్పుడో వెళ్తే పాత పర్మిట్ తెరిచే ఉందని కొత్తది ఇవ్వరు, డిపాజిట్ ఉంటే అదీ పోతుంది. రద్దు చేసినట్టు రసీదు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే వాళ్లు ముద్ర వేసిన కాగితాన్ని ఫొటో అయినా తీసుకోనివ్వమనండి. నా దగ్గర మొదటి దేశం నుంచి ఈ రోజు దాకా అన్ని రసీదులూ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఉన్నాయి, కొన్నిటి మీద సిరా వెలిసిపోతోంది కాబట్టి ఫొటోలు కూడా తీసి పెట్టాను.

ఈ రాత్రికి నోటు పుస్తకంలో తెరిచి ఉన్న పేజీ ప్రకారం మా ఇద్దరికీ ఇంకా 41 రోజులు ఉన్నాయి, బండికి 19. 21 రోజుల ముందు పెట్టిన గుండ్రం దాటి రెండు రోజులైంది. పొడిగింపు అర్జీ నిన్ననే ఇచ్చాం, సోమవారం రమ్మన్నారు. ఒకవేళ కాదంటే ఏ సరిహద్దు వైపు వెళ్లాలో ఆయన పటం మీద గుర్తు పెట్టేశారు, రెండు రోజుల దారి.